సేద్యం పాఠం తెలుగులో చెప్పాలి

1975 ఆగస్టు నుంచి ఏడాదిపాటు 'సైట్' ప్రయోగం కింద ఉపగ్రహం ద్వారా ఆరు రాష్ట్రాల్లో 2,400 పల్లెలకు టీవీ పాఠాలు వచ్చాయి. వాటిలో మన పల్లెలూ ఉన్నాయి. ఊరి పెట్టె ముందు జనం కూర్చుని సేద్యం సంగతులు తెలుగులోనే విన్నారు.

2015లో రైతుల కోసమే డీడీ కిసాన్ పెట్టారు. సంతోషమే. కానీ అందులో ఎక్కువ భాగం హిందీ. పత్తికి గులాబీ పురుగు పట్టిననాడు మన రైతు ఎవర్ని అడగాలి? మందుల కొట్టువాణ్ణే. అతను తన దగ్గరున్న డబ్బానే చేతిలో పెడతాడు. పురుగు చావదు, అప్పు పెరుగుతుంది.

యాదగిరి, సప్తగిరి ఛానళ్లలో రోజూ పొద్దుగూకాక, పొలం నుంచి ఇల్లు చేరే వేళకు, గంటసేపు ప్రత్యక్ష ప్రసారం కావాలి. రైతు ఫోన్లో అడగాలి, శాస్త్రవేత్త జవాబు చెప్పాలి. మద్దతు ధర సంగతీ అందులోనే రావాలి. మనం దానం అడగడం లేదు. దూరదర్శన్ నడిచేది ఎక్కువగా మన పన్నులతోనే.