కూత రాలేదని వూళ్లో వేగంగా పోవచ్చా?

హైదరాబాదు నుంచి విజయవాడ వెళ్లే 65వ నెంబరు జాతీయ రహదారి నల్గొండ జిల్లాలో చిట్యాల, నార్కట్‌పల్లి, కట్టంగూరు, నకిరేకల్ మీదుగా పోతున్నది. పండుగకు సొంత వూరు వచ్చేవారి కార్లు, పెళ్లిళ్లకు వచ్చే కిరాయి కార్లు ఈ దారినే వచ్చి ఏదో ఒక అడ్డరోడ్డు దగ్గర దిగి పల్లెల్లోకి మళ్లుతాయి. వేగం మించితే డ్రైవరును హెచ్చరించే ఏర్పాటు ఇప్పుడు ఈ కార్లలో వుంటున్నది. మంచిదే. కాని అది ఏమి చూస్తుందో, ఏమి చూడదో తెలియకుండా నమ్ముకుంటే దెబ్బ తగిలేది కారులో కూర్చున్నవారికి మాత్రమే కాదు, రోడ్డు దాటే ముసలమ్మకు, బడిపిల్లకు, గొర్లకాపరికి.

2019 జూలై 1 నుంచి మన దేశంలో తయారయ్యే కొత్త కార్లన్నిటికీ వేగం హెచ్చరిక తప్పనిసరి. గంటకు 80 కిలోమీటర్లు దాటితే ఆగి ఆగి కూస్తుంది. 120 దాటితే ఆపకుండా కూస్తుంది. నాలుగు వరుసల రహదారి అయినా, చెరువుకట్ట మీది ఇరుకు రోడ్డు అయినా దానికి ఒకటే లెక్క. బోర్డు మీద 40 అని రాసివున్న వూరి నడుమ 75తో పోయినా ఆ కారు నోరు విప్పదు. కూత రాలేదు గనుక వేగం ఎక్కువ లేదని డ్రైవరు అనుకోవడానికి ఆస్కారం అక్కడే వున్నది.

యూరోపియన్ యూనియన్ దేశాలు ఇంతకంటె ముందుకు పోయాయి. 2024 జూలై నుంచి అక్కడ రిజిస్టరయ్యే కొత్త కార్లన్నిటిలో, ఏ రోడ్డుకు ఎంత హద్దో తెలుసుకునే యంత్రం వుండాలి. ముందు అద్దం దగ్గరి కెమెరా రోడ్డు పక్క బోర్డును చదువుతుంది. కారులోని మ్యాపు దానికి తోడు. హద్దు మించితే కూయడమో, యాక్సిలరేటరును కాలికి ఎదురు తోయడమో, ఇంజను జోరు తగ్గించడమో చేస్తుంది. డ్రైవరు గట్టిగా తొక్కితే మాత్రం యంత్రం తప్పుకుంటుంది. అంటే చివరి మాట అక్కడ కూడా మనిషిదే. మన దేశంలోనూ ఖరీదైన కొన్ని కార్లకు బోర్డు చదివే కెమెరా వచ్చింది.

చదవాలంటే బోర్డు వుండాలి కదా! పల్లె మలుపుల దగ్గర చాలాచోట్ల బోర్డే వుండదు. వున్నచోట పుట్టినరోజు ఫ్లెక్సీ దానిని కప్పేస్తుంది, లేదా రంగు వెలిసి అంకె కనిపించదు. అద్దానికి బురద పట్టినా, తెల్లవారుజామున మంచు కమ్మినా కెమెరాకు చూపు ఆనదు. ముందు పోయే లారీ వెనక రాసిన అంకెను చూసి అదే హద్దు అని పొరబడవచ్చు. ఇక వరికోతలప్పుడు సగం రోడ్డు మీద వడ్లు ఆరబోసి చుట్టూ రాళ్లు పెడతారు. (అది తప్పే. అయితే కల్లం లేని రైతు ఎక్కడ ఆరబోయాలన్నది వేరే ప్రశ్న.) ఆ రాళ్లు ఏ మ్యాపులోనూ వుండవు.

వేగం తేడా ఎంత పని చేస్తుందో లెక్క చూస్తే తెలుస్తుంది. 40తో పోయే కారుకు ఎదురుగా గేదె వస్తే, డ్రైవరు చూసి బ్రేకు తొక్కి ఆపేసరికి మంచి పొడి రోడ్డు మీద సుమారు 20 మీటర్లు పడుతుంది. రెండు ఆర్టీసీ బస్సుల బారు అనుకోవచ్చు. అదే 80తో వస్తే 55 మీటర్లు దాటుతుంది, అయిదు బస్సుల బారు. వేగం రెండింతలైతే బ్రేకు పట్టాక జారే దూరం నాలుగింతలవుతుంది. కేంద్ర రోడ్డు రవాణా శాఖ లెక్కల ప్రకారం 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారు. అందులో 70 శాతానికి పైగా అతివేగం కింద నమోదైనవే. చనిపోయినవారిలో సుమారు మూడింట రెండు వంతుల మంది గ్రామీణ ప్రాంతాల్లోనే చనిపోయారు.

రహదారి దిగిన మొదటి అయిదు నిమిషాలు మరీ ప్రమాదం. గంటసేపు 90, 100తో నడిపిన కంటికి 60 కూడా నడకలాగా కనిపిస్తుంది. అందుచేత నార్కట్‌పల్లి దగ్గర మిర్యాలగూడ వైపు మళ్లే డ్రైవరు రోడ్డును చూసి వేగం అంచనా వేయరాదు, మీటరు ముల్లును చూడాలి. వేగానికి హద్దు పెట్టుకునే మీట కొన్ని కార్లకు స్టీరింగు దగ్గర వుంటుంది. వూళ్లోకి రాగానే దానిని 40కి, బడి దగ్గర ఇంకా తక్కువకు పెట్టుకోవడం మంచి అలవాటు. అయితే అది ఎదురుగా వచ్చిన మనిషిని చూసి బ్రేకు వేయదు. కట్ట దిగేటప్పుడు కారు హద్దు మించి జారనూవచ్చు. ట్రాక్టరును దాటేటప్పుడు హద్దును ఎట్లా తప్పించాలో కారుతో ఇచ్చిన పుస్తకం చూసి ముందే తెలుసుకోవాలి, ఎదురుగా బస్సు వచ్చినప్పుడు వెతకడం కాదు. కాలు తీసినా అదే వేగంతో పోయే క్రూయిజ్ కంట్రోల్ దీనికి పూర్తిగా వేరు. పల్లె రోడ్ల మీద దాని జోలికి పోకపోవడమే క్షేమం. ఇక కూత చిరాకని మెకానిక్కు చేత దానిని తీయించే కిరాయి కార్ల యజమానులు ఎవరి ప్రాణంతో పందెం కాస్తున్నారో ఆలోచించుకోవాలి.

అధికారుల పని అధికారులకు వున్నది. మోటారు వాహనాల చట్టం ప్రకారం ఒక రోడ్డుకు ప్రత్యేకంగా వేగం హద్దు పెడితే ఆ సంగతి తెలిపే బోర్డు కూడా నిలపాలి. జాతీయ రహదారి సంస్థ, రోడ్లు భవనాల శాఖ, పంచాయతీరాజ్ ఇంజనీర్లు ఎవరి రోడ్డు వారు చూసుకొని, ప్రతి అడ్డరోడ్డు మొదట, ప్రతి బడికి రెండు వైపులా హద్దు బోర్డులు వేయాలి. ఎక్కడెక్కడ లేవో గ్రామసభలో తీర్మానం చేసి పంపితే వారికి సాకు వుండదు. ఫ్లెక్సీల వెనక పడిన బోర్డులను బయటికి తీయడానికి మాత్రం ఏ మంజూరూ అక్కరలేదు, పంచాయతీ సిబ్బంది ఈ వారమే చేయవచ్చు.