బొమ్మ రైలు పెట్టె లోపల ఖాళీగా ఉండకూడదు

కొత్తవలస–కిరందుల్ రైలు మార్గం అనగానే చాలామందికి అరకు లోయ, బొర్రా గుహలు, ఒకదాని వెంట ఒకటి వచ్చే సొరంగాలు గుర్తొస్తాయి. 2017లో అద్దాల కప్పున్న విస్టాడోమ్ కోచ్ వచ్చాక ఆ ఫొటోలు ఇంకా పెరిగాయి. నిజానికి ఈ లైన్ ప్రయాణికుల కోసం పుట్టింది కాదు. బస్తర్‌లోని బైలదిలా కొండల ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవుకు చేర్చి, అక్కడి నుంచి జపాన్‌కు పంపేందుకు 1960లలో వేశారు. పొడవు సుమారు 446 కిలోమీటర్లు, సొరంగాలు 58. దారిలో ఉన్న శిమిలిగుడ 996 మీటర్ల ఎత్తున ఉంది. బ్రాడ్‌గేజ్‌లో దేశంలోకెల్లా ఎత్తైన స్టేషన్‌గా దానికి చాలాకాలం పేరుండేది.

ఇలాంటి లైన్‌ను నడుపుతున్నది ఇంజిన్లు మాత్రమే కాదు. వానాకాలంలో కొండచరియ జారినా, దంతెవాడ వైపు మావోయిస్టులు పట్టాలు ఊడదీసినా, కరెంటు తీగ తెగినా, ముందుగా కదిలేవి వేరే బండ్లు ఉన్నాయి. మరమ్మతు సిబ్బంది బస చేసే క్యాంప్ కోచ్, ప్రమాద సహాయక రైలు, తీగలు సరిచేసే టవర్ వ్యాగన్, కంకరను కుదించే ట్యాంపింగ్ యంత్రం, గూడ్సు చివరన వేలాడే బ్రేక్‌వ్యాన్ ఆ కోవలోవి. టైంటేబుల్‌లో వీటి పేర్లు ఉండవు. ఫొటోలు తీసేవాళ్లూ తక్కువే.

రైలు నమూనాలు తయారుచేసే అభిరుచి మన దేశంలోనూ పెరుగుతోంది. పుణేలోని జోషీ మినియేచర్ రైల్వే మ్యూజియం 1998 నుంచి నడుస్తోంది. ఇంజిన్ రంగు, నంబరు, కిటికీ చువ్వలు అచ్చుగుద్దినట్టు చేసేవారికి కొదవ లేదు. పని బండ్ల దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఆ నమూనా చాలావరకు రంగు పూసిన ఖాళీ డబ్బాగా మిగిలిపోతుంది. కిటికీలకు నల్ల కాగితం అంటిస్తే పనైపోయినట్టే. ఇక్కడే పొరపాటు జరుగుతోంది. ప్రయాణికుల పెట్టెను బయటి నుంచి చూసినా అదేమిటో తెలుస్తుంది. పని బండి ఏమిటో లోపలికి చూస్తేనే తెలుస్తుంది.

ఒక్కో వస్తువు వెనుక ఒక సూత్రం

బ్రేక్‌వ్యాన్‌నే తీసుకుందాం. లోపల ఒక కుర్చీ, చేతితో తిప్పే బ్రేకు చక్రం, అత్యవసర వాల్వు, గోడకు ఒక పీడన మాపకం, జెండాలు, దీపం ఉంటాయి. ఆ మాపకం చిన్నదే కానీ రైలు భద్రతంతా దాని ముల్లు మీద ఉంటుంది. ఎయిర్‌బ్రేకు వ్యవస్థలో రైలు పొడవునా సాగే గొట్టంలో చదరపు సెంటీమీటరుకు 5 కిలోల పీడనం ఉంటేనే బ్రేకులు విడివడి ఉంటాయి. పీడనం తగ్గితే బ్రేకులు పట్టుకుంటాయి. ఇంజిన్ దగ్గర పీడనం బాగానే ఉన్నా మధ్యలో ఎక్కడో గొట్టం మూసుకుపోతే వెనకనున్న పెట్టెలకు బ్రేకు అందదు. అనంతగిరి కొండల దిగుడులో ఖనిజం రైలుకు అంతకంటే ప్రమాదం ఉండదు. చివరి పెట్టెలోని ముల్లు సరైన చోట నిలబడితే గాలి తోక దాకా చేరిందని అర్థం. నమూనాలో ఆ మాపకాన్ని ఆవగింజంత చుక్కగా పెట్టినా చాలు. దాన్ని చూపించి ఎయిర్‌బ్రేకు మొత్తం వివరించవచ్చు.

టవర్ వ్యాగన్‌లోకి చూస్తే పైకి లేచే వేదిక, తీగను గమనించడానికి కప్పులో అద్దాల గూడు, పనిబల్ల, విడి ఇన్సులేటర్లు, తాళ్లు, నిచ్చెనలు కనిపిస్తాయి. వాటితోపాటు పొడవాటి ఎర్తింగ్ కడ్డీలూ ఉంటాయి. 25 కిలోవోల్టుల సరఫరా ఆపేశాక కూడా తీగను నేలకు కలపకుండా ముట్టుకోకూడదు. పక్క లైన్‌లో ప్రవహించే విద్యుత్తు ఈ తీగలోనూ ప్రాణాంతకమైన వోల్టేజీని ప్రేరేపించగలదు. పాఠ్యపుస్తకంలో 'విద్యుత్ ప్రేరణ' అని చదివిన పిల్లవాడికి ఆ కడ్డీ ఎందుకు ఉందో చెబితే ఆ పాఠం ఇక మరిచిపోడు.

ప్రమాద సహాయక రైలులో పట్టాలు తప్పిన పెట్టెలను లేపే హైడ్రాలిక్ జాకీలు, వాటి కింద పేర్చే చెక్క దిమ్మెలు, గ్యాస్ కటింగ్ సామగ్రి, జనరేటర్, లైట్లు, ఒక మూల వంటగది, పడుకునే బెర్తులు ఉంటాయి. చిన్న పిస్టన్ మీద వేసిన ఒత్తిడి పెద్ద పిస్టన్ దగ్గర పెద్ద బలంగా మారుతుందన్న పాస్కల్ సూత్రం పనిచేసేది ఆ జాకీలోనే. వంటగది కూడా అంతే ముఖ్యమైన సాక్ష్యం. కొండల మధ్య మరమ్మతు ఒక పూటలో తేలకపోతే సిబ్బంది తినడం, పడుకోవడం అన్నీ బండిలోనే.

క్యాంప్ కోచ్ సంగతి మరింత స్పష్టం. ప్రయాణికుల సేవ నుంచి తప్పించిన పాత కోచ్‌లనే చాలావరకు ఇలా మారుస్తారు. సీట్లు తీసేసి మంచాలు, పొయ్యి, నీళ్ల ట్యాంకు, పనిముట్ల పెట్టెలు అమర్చుతారు. ట్రాక్ యంత్రాల సిబ్బందికి వారాల తరబడి అదే ఇల్లు. మంచాల మధ్య దూరం ఎంత, గాలి ఎటు నుంచి వస్తుంది, పొయ్యికి మంచానికి మధ్య తలుపు ఉందా లేదా అన్నవి చిన్న ప్రశ్నలు కావు. పని పరిస్థితుల చరిత్రలో అవే అసలు ఆధారాలు.

సగం నిండని వ్యాగన్

లోపలి సంగతి తెలియకపోతే బయటి రూపం కూడా తప్పుతుందనడానికి ఖనిజం వ్యాగనే మంచి ఉదాహరణ. మన గూడ్సు రైళ్లలో తరచూ కనిపించే బాక్స్‌ఎన్ వ్యాగన్ లోపలి ఘనపరిమాణం సుమారు 56 ఘనమీటర్లు. అది బొగ్గును దృష్టిలో పెట్టుకుని చేసిన కొలత. మొదటి నమూనా లెక్క ప్రకారం అది మోయగల బరువు 58.8 టన్నులు. గుట్టగా పోసిన ఇనుప ఖనిజం ఘనమీటరుకు రెండున్నర టన్నులు తూగుతుందనుకుంటే 58.8 టన్నులకు 23.5 ఘనమీటర్లు చాలు. అంటే వ్యాగన్ సగం కూడా నిండకముందే దాని బరువు పరిమితి వచ్చేస్తుంది. అందుకే ఖనిజం కోసం గోడల ఎత్తు తగ్గించిన బీఓవై రకం వ్యాగన్లు వేరుగా తయారుచేశారు.

నమూనా చేసే వ్యక్తి బాక్స్‌ఎన్‌లో ఎర్ర మట్టిని అంచుదాకా నింపితే చూడటానికి నిండుగానే ఉంటుంది. కానీ అసలు రైల్లో అలా నింపితే 140 టన్నుల సరుకు ఎక్కినట్టు. ఇరుసులు విరుగుతాయి, పట్టాలు చెదురుతాయి. సాంద్రత అనే ఒక్క మాటను అర్థం చేయించడానికి ఇంతకన్నా తేలికైన బొమ్మ దొరకదు.

కంటికి ఆనేంత వరకు

ఇక్కడ ఒక న్యాయమైన అభ్యంతరం ఉంది. అంగుళంన్నర వెడల్పు పెట్టెలో వేలిగోరంత కిటికీ గుండా ఇదంతా ఎవరు చూస్తారు? దీనికి జవాబు లెక్కలోనే ఉంది. ప్రపంచమంతటా ఎక్కువగా వాడే హెచ్‌ఓ స్కేలులో అసలు వస్తువు 87వ వంతుకు తగ్గుతుంది. 165 సెంటీమీటర్ల మనిషి 19 మిల్లీమీటర్లు అవుతాడు. 30 సెంటీమీటర్ల వంటగిన్నె మూడున్నర మిల్లీమీటర్లకు వస్తుంది. ఆరోగ్యంగా ఉన్న కన్ను ఒక డిగ్రీలో 60వ వంతు కోణం వరకు విడదీసి చూడగలదు. 30 సెంటీమీటర్ల దూరం నుంచి అది దాదాపు 0.09 మిల్లీమీటర్లకు సమానం. అసలు పెట్టెలో అయితే ఏడెనిమిది మిల్లీమీటర్లు. కాబట్టి గిన్నె, జాకీ, మంచం, మాపకం కనిపిస్తాయి. పెన్సిలు మందం ఉన్నవి ఇక కనిపించవు. అక్కడ ఆగిపోవచ్చు. అన్నీ చేయనక్కర్లేదు, పనిని చెప్పేవి చేస్తే చాలు. కప్పును ఊడదీసేలా అమర్చి, లోపల ఒక చిన్న ఎల్‌ఈడీ పెడితే కిటికీ ఇబ్బంది కూడా తీరుతుంది.

బరువు విషయంలో మరో చిక్కు ఉంది. పొడవు 87 రెట్లు తగ్గితే బరువు 87 ఘనం మేరకు, అంటే ఆరున్నర లక్షల రెట్లు తగ్గాలి. 40 టన్నుల కోచ్ నమూనా అప్పుడు 61 గ్రాములే తూగాలి. కానీ అంత తేలికైన పెట్టె మలుపుల్లో పట్టా దిగుతుంది. ఘర్షణ, పట్టాల అతుకుల కుదుపు బరువుతోపాటు ఆ నిష్పత్తిలో తగ్గవు. అమెరికా నమూనా రైల్వే సంఘం సిఫారసు ప్రకారం లెక్కిస్తే మన 21.3 మీటర్ల కోచ్ నమూనాకు సుమారు 165 గ్రాములు ఉండాలి. ఆ అదనపు బరువును నేల కిందే అమర్చి, పైన మంచాలు, బల్లలు మాత్రం కాగితం, తేలిక చెక్కతో చేయాలి. అప్పుడే గురుత్వ కేంద్రం కిందకు ఉంటుంది. ఏటికొప్పాక అంకుడు కర్ర, కొండపల్లి పొనికి చెక్క మనకు ఎప్పటినుంచో తెలిసిన తేలిక చెక్కలే.

పట్టాల వెడల్పు దగ్గరా ఇదే సమస్య. హెచ్‌ఓ పట్టా 16.5 మిల్లీమీటర్లు. అది విదేశీ స్టాండర్డ్ గేజ్ అయిన 1435 మిల్లీమీటర్లకు సరిపోతుంది. మన 1676 మిల్లీమీటర్ల బ్రాడ్‌గేజ్‌కు 19.3 మిల్లీమీటర్లు కావాలి. కొన్న పట్టా మీద మన కోచ్ నిలబెడితే అది ఇరుకు కాళ్ల మీద నిలబడ్డట్టు కనిపిస్తుంది. ఎక్కడ రాజీపడ్డామో చీటీ రాసి పెట్టడమే నిజాయతీ.

బస్తర్ చేతిలోని విద్య

లోపలి నుంచి మొదలుపెట్టడం బస్తర్‌కు కొత్త కాదు. కొండగావ్ ప్రాంతపు ఘడ్వా కళాకారులు డోక్రా బొమ్మ చేసేటప్పుడు ముందు మట్టితో లోపలి గుండ తయారుచేస్తారు. దాని మీద సన్నని మైనపు తీగలు చుట్టి రూపం తెస్తారు. ఆపైన మెత్తని మట్టి పూత వేసి కాలుస్తారు. మైనం కరిగి పోయిన సందులోకి లోహం చేరుతుంది. లోపలి మట్టి సరిగా లేకపోతే బొమ్మ ఎక్కడో పలచబడుతుంది, ఎక్కడో చిల్లి పడుతుంది. 2018లో భౌగోళిక గుర్తింపు పొందిన ఆదిలాబాద్ డోక్రా కూడా ఇదే పద్ధతి. మొహెంజొదారోలో దొరికిన నర్తకి బొమ్మ పోతపోసిందీ మైనం కరిగించే పద్ధతిలోనే.

విదేశాల్లో నమూనా రైళ్లకు అమ్మే ఇత్తడి విడిభాగాల్లో చాలావాటిని ఈ పద్ధతితోనే పోస్తారు. పోసిన ఇత్తడి చల్లారేటప్పుడు సుమారు ఒకటిన్నర శాతం కుంచించుకుపోతుంది కనుక మైనం అచ్చును ఆ మేరకు పెద్దదిగా చేసుకోవాలి. చేతివాటంగా ఆ సవరణ తెలిసిన మనుషులు బైలదిలా రైలు వెళ్లే జిల్లాల్లోనే ఉన్నారు. ఆ లైన్ పని బండ్ల నమూనాలకు బ్రేకు చక్రాలు, జాకీలు, పొయ్యిలు వారి చేత పోయిస్తే అది వారికి దయ చూపినట్టు కాదు. సరైన పనికి సరైన పనివారిని పిలిచినట్టు.

తెలియనిదాన్ని ఖాళీగా వదలాలి

లోపలి వివరాల విషయంలో డబ్బు, ఓపిక కంటే పెద్ద ప్రమాదం ఊహ. ఆధారం లేకుండా మంచాలు, బల్లలు పేర్చేస్తే చూసినవాళ్లు దాన్నే నిజమనుకుంటారు. ఖాళీ డబ్బా ఏమీ చెప్పదు, కానీ అబద్ధం కూడా చెప్పదు. అందుకే ఒక నియమం పెట్టుకోవాలి. కొలిచినది, ఫొటో ఉన్నది, ఆ బండిలో పనిచేసినవారు చెప్పినది మాత్రమే పెట్టాలి. మిగతా మూల ఖాళీగా ఉండనివ్వాలి. శాస్త్ర పరిశోధనలో తెలియని గడిని నింపకుండా వదిలేయడం ఎంత అవసరమో ఇక్కడా అంతే.

ఈ కొలతలకు గడువు కూడా ఉంది. పాత ఐసీఎఫ్ కోచ్‌లకు నిర్ణయించిన ఆయుష్షు 25 ఏళ్లు. ఆ తర్వాత పని బండిగా మరికొన్నేళ్లు గడిపి తుక్కు కిందకు పోతాయి. వాటి తయారీ కూడా ఆగిపోయింది. రైలు చివరి పీడనాన్ని ఇంజిన్‌కు తెలియజేసే పరికరం వస్తే బ్రేక్‌వ్యాన్ అవసరమే తగ్గుతుంది. గార్డు అనే పేరు 2022 జనవరిలో ట్రైన్ మేనేజర్‌గా మారింది. పేరు మారినంత తేలిగ్గా ఆ పెట్టె కూడా కనుమరుగవుతుంది. మ్యూజియంలు ఇంజిన్లను, సెలూన్ కోచ్‌లను దాచుకుంటాయి. గ్యాంగ్‌మన్లు నిద్రపోయిన పెట్టెను దాచాలన్న ఆలోచన అంత త్వరగా రాదు.

అసలు పెట్టెలన్నింటినీ దాచడం సాధ్యం కాదు. కానీ తుక్కుకు పంపేముందు టేపుతో ఒక పూట కొలిచి, గోడ గోడకూ ఫొటో తీసి, అందులో పనిచేసిన ఇద్దరు ముగ్గురి మాటలు రాసుకోవడం పెద్ద ఖర్చు కాదు. జగదల్‌పూర్‌లోనో విశాఖలోనో ఇంజినీరింగ్ విద్యార్థులకు దీన్ని ప్రాజెక్టుగా ఇవ్వవచ్చు. ఆ కొలతలతో చేసిన అడుగు పొడవు నమూనాను పాఠశాలలో ఉంచవచ్చు. అప్పుడు బస్తర్ పిల్లలకు తమ ఊరి పక్క నుంచి రోజూ వెళ్లే ఖనిజం రైలు బయటి నుంచి చూసే వరుస డబ్బాలుగా మిగలదు. చివరి పెట్టెలో కూర్చున్న మనిషి ఏ ముల్లును చూస్తూ వెళ్తున్నాడో కూడా తెలుస్తుంది.