ఆ గొంతుకు మన వీధిలో ఒక గోడ

రేడియోలో పాత పాట వస్తుంది. "ఇది సావిత్రి పాట" అంటుంది అమ్మ. "కాదు, జమున పాట" అంటుంది అత్త. నిజానికి వాళ్ళిద్దరూ తెర మీద పెదవులు కదిపారంతే. పాడింది మన విజయనగరం ఆడపిల్ల! ఆ సంగతి మనలో ఎంతమందికి వెంటనే గుర్తొస్తుంది?

పులపాక సుశీల 1935 నవంబరు 13న విజయనగరంలో ఒక వకీలు గారింట పుట్టారు. ఇక్కడి మహారాజా వారి సంగీత కళాశాలలోనే సంగీతం నేర్చుకున్నారు. మద్రాసు వెళ్ళి, 1950ల మొదట్లో పెండ్యాల నాగేశ్వరరావు గారి సంగీతంలో 'కన్నతల్లి' సినిమాకు పాడారు. నేపథ్య గాయనికి జాతీయ అవార్డు ఇవ్వడం మొదలుపెట్టినప్పుడు, 1968 సంవత్సరానికి, ఆ మొట్టమొదటి అవార్డు ఆవిడదే. మొత్తం ఐదుసార్లు అందుకున్నారు. 2008లో పద్మభూషణ్ వచ్చింది. 2016లో 17,695 పాటల లెక్కతో గిన్నిస్ పుస్తకానికి ఎక్కారు. ఇంత పాడిన మనిషి ముఖం వీధిలో కనబడితే ఎన్ని ఇళ్ళ పిల్లలు గుర్తుపడతారు చెప్పండి!

అందుకే అంటున్నాను. సంగీత కళాశాలకు పిల్లలు నడిచి వెళ్ళే దారిలో, ఒక గోడ నిండా సుశీల గారి బొమ్మ ఉండాలి.

"బొమ్మేస్తే ఏటొస్తాదమ్మా? కుళాయిలో నీళ్ళొస్తాయా?" అని అడిగేవాళ్ళుంటారు. న్యాయమైన ప్రశ్నే. నీళ్ళు రావలసిందే, దానికి పోటీగా బొమ్మ అడగడం లేదు. కానీ మన గోడలు ఇప్పుడు మాత్రం ఖాళీగా ఉన్నాయా? నాయకుల నమస్కారాలు, కోచింగు సెంటర్ల ర్యాంకులు, సిమెంటు ప్రకటనలు. రంగు ఎలాగూ ఖర్చవుతోంది. అందులో ఒక్క గోడ మన ఆడపిల్లకి ఇవ్వలేమా?

అమెరికాలో, టెక్సాస్‌లోని కార్పస్ క్రిస్టీ ఊళ్ళో మొలీనా అనే పేట ఉంది. మెక్సికో నుంచి వచ్చిన కుటుంబాల వాళ్ళు, కాయకష్టం చేసుకునేవాళ్ళు ఎక్కువగా ఉండే చోటు. పాప్ గాయని సెలీనా కుటుంబం ఆ పేటలోనే ఉండేది. 1995లో, 23 ఏళ్ళకే ఆమె హత్యకు గురైంది. ఆ పేటలో గోడ మీద ఆమె బొమ్మ ఉంది. అభిమానులు వెతుక్కుంటూ వచ్చి చూసి వెళతారు. అక్కడి పిల్లలకి మాత్రం అది రోజూ కనబడే ముఖం. 'మన పేట పిల్లే' అనుకోవడానికి అంతకన్నా ఏం కావాలి?

మన ఊరికి చెప్పుకోవడానికి కథలు లేక కాదు. 1919లో పెట్టిన ఆ కళాశాలకు ఆదిభట్ల నారాయణదాసు గారు తొలి ప్రిన్సిపాలు. ద్వారం వెంకటస్వామినాయుడు గారి వయొలిన్ అక్కడే వినిపించింది. ఘంటసాల ఈ వీధుల్లోనే జోలె పట్టి, మధూకరంతో కడుపు నింపుకుని చదువుకున్నారని ఇప్పటికీ గర్వంగా చెప్పుకుంటాం. చెప్పుకోవలసిందే. అయితే ఒక్కసారి ఆలోచించండి. పాట మీద అంత పిచ్చి ఉన్న ఆడపిల్ల ఆ రోజుల్లో జోలె పట్టుకుని ఇంటింటికీ తిరగగలిగేదా? ముందు ఇంట్లోవాళ్ళు ఒప్పుకోవాలి. సుశీల గారికి సంగీతమంటే ఇష్టపడే తండ్రి ఉన్నారు. అలాంటి తండ్రి లేని పిల్లల గొంతులు ఏమయ్యాయి? పెళ్ళిచూపుల్లో "ఒక పాట పాడమ్మా" అని అడిగి, పెళ్ళయ్యాక "ఇంట్లో ఆ కూనిరాగాలేమిటి?" అన్న ఇళ్ళు మనకు తెలియనివా?

కాబట్టి ఆ బొమ్మ ఎలా ఉండాలో కూడా అడగాలి. పట్టుచీర, మెడలో దండలు, చేతిలో బిరుదులు వద్దు. అవి చూస్తే పిల్లలు దండం పెట్టి వెళ్ళిపోతారు. రెండు జడలు వేసుకుని, పుస్తకాలు గుండెకు హత్తుకుని పాఠానికి వెళ్ళే గుంటలా గీయండి. పక్కన నాలుగు ముక్కలు రాయండి. ఎప్పుడు పుట్టింది, ఎక్కడ నేర్చుకుంది, ఏం పాడింది. అప్పుడు ఆ దారిన వెళ్ళే పిల్ల, 'ఈమె కూడా ఇక్కడే చదివిందా!' అనుకుంటుంది. వాళ్ళమ్మ కూడా చదువుతుంది. ఆ అమ్మ చదవడమే ముఖ్యం. సంగీతం క్లాసు ఫీజు కట్టాలా, వద్దా అని ఇంట్లో మాట వచ్చినప్పుడు ఆ పిల్ల పక్షాన మాట్లాడాల్సింది ఆవిడే కదా!

ఇంకొక్క మాట. బొమ్మ వేసి వదిలేస్తే ఆర్నెల్లకు దాని మీద సినిమా పోస్టరు పడుతుంది. ఏడాదికోసారి రంగు వేయించే బాధ్యత ఎవరో ఒకరు తీసుకోవాలి. మహిళా సంఘాలు కూర్చుని మాట్లాడుకుంటే అదేమంత పెద్ద పని కాదు. నవంబరు 13న ఆ గోడ ముందు మన పిల్లల చేత రెండు పాటలు పాడిస్తే ఇంకా బాగుంటుంది.

ఆ గోడ వచ్చేలోగా మన ఇళ్ళల్లో ఒక పని మొదలుపెడదాం. ఈసారి పాత పాట వచ్చినప్పుడు తెర మీద ఎవరున్నారో కాదు, పాడింది ఎవరో పిల్లలకు చెబుదాం.