వచ్చిపోయే రోగం, ఆగని బిల్లు

టమాటా లోడుతో మదనపల్లె యార్డుకు బయలుదేరిన పికప్ బండి దారిలో లాగడం మానేసి, లైట్లు మినుకుమినుకుమంటే నష్టం బండి యజమానికొక్కడికే కాదు, వేలానికి అందని ప్రతి రైతుకూ. తీరా షెడ్డుకు తీసుకెళ్తే బండి శుభ్రంగా నడుస్తుంది. అంచనా మీద బ్యాటరీ మారుస్తారు, తర్వాత ఆల్టర్నేటర్, ఆపైన సెన్సర్. (పాత బ్యాటరీ మాత్రం అక్కడే ఉండిపోతుంది.) రోగం కదలదు.

ఇలా వచ్చిపోయే లోపానికి మూలం చాలాసార్లు చవకైన చోటే ఉంటుంది: టెర్మినల్‌పై పేరుకున్న తెల్లపొడి, ఇంజిన్‌కూ ఛాసిస్‌కూ మధ్య వదులైన ఎర్త్ వైరు. ఎరువుల దుమ్ము, బురద, గతుకులు వీటిని తొందరగా తినేస్తాయి. మల్టీమీటర్ ఉంటే చాలు. ఆపి ఉంచిన బండిలో నిండు బ్యాటరీ సుమారు 12.6 వోల్టులు, ఇంజిన్ నడుస్తుంటే సాధారణంగా 13.8 నుంచి 14.4 చూపాలి. సెల్ఫ్ కొడుతుండగా బ్యాటరీ మైనస్‌కూ ఇంజిన్ బ్లాకుకూ మధ్య అర వోల్టు దాటితే ఎర్త్ బాగోలేనట్టే. లైట్లు బాగానే ఉండి, ఎత్తు ఎక్కేటప్పుడే బండి చతికిలబడితే ముందు డీజిల్ ఫిల్టర్, అందులో చేరిన నీళ్లు చూడాలి.

2020 ఏప్రిల్ నుంచి వస్తున్న బీఎస్-6 బళ్లలో తేడా కనిపెడితే కంప్యూటరే ఇంజిన్ శక్తి తగ్గించేస్తుంది. కారణం కోడ్ రూపంలో నమోదవుతుంది. దాన్ని పూర్తిగా చదివే సాధనం ఊరి మెకానిక్‌కు దొరకడం లేదు. మరమ్మతు హక్కుపై 2022లో కేంద్రం వేసిన కమిటీ పరిధిలో వాహనాలూ, వ్యవసాయ పరికరాలూ ఉన్నాయి. ఆ హక్కును చట్టం చేయాలని మన డిమాండ్. ఈలోగా మండల శాఖలు ఉమ్మడిగా స్కానర్ కొనుక్కోవాలి. కోడ్ ఏమిటో కాగితం మీద రాసివ్వనిదే ఏ భాగమూ మార్చనివ్వకండి.