బియ్యం ‘షుగర్‌ ఫ్రీ’... కేలరీలు మాత్రం అంతే!

సుల్తానాబాద్‌: రైసుమిల్లులకు పేరొందిన సుల్తానాబాద్‌ వారికి బియ్యం గురించి కొత్తగా చెప్పవలసింది లేదు. అయినప్పటికీ ‘షుగర్‌ ఫ్రీ బియ్యం’ అన్న మాట మధుమేహ రోగులను తికమక పెట్టేదే.

ఆ పేరుతో చలామణి అవుతున్నది తెలంగాణ సోనా (ఆర్‌ఎన్‌ఆర్‌ 15048). రాజేంద్రనగర్‌లోని వ్యవసాయ విశ్వవిద్యాలయం రూపొందించిన ఈ సన్నరకం 2015లో విడుదలైంది. దీని గ్లైసీమిక్‌ ఇండెక్స్‌ సుమారు 51. యాభై అయిదు వరకు ఉంటే తక్కువగానే పరిగణిస్తారు. అనగా భోజనానంతరం రక్తంలో చక్కెర నెమ్మదిగా పెరుగుతుంది. అసలే పెరగదని కాదు.

బియ్యంలో ఉన్నది ప్రధానంగా పిండిపదార్థం. జీర్ణమయ్యాక అది గ్లూకోజుగానే మారుతుంది. ఏ రకమైనా 100 గ్రాముల బియ్యంలో దాదాపు 350 కేలరీలు ఉంటాయి. ‘షుగర్‌ ఫ్రీ’ కదా అన్న ధీమాతో మారు వడ్డించుకుంటే కలిగే మేలు కాస్తా ఆ రెండు గరిటెల్లోనే పోతుంది.

ప్యాకెట్‌ ఆహారంపై ‘షుగర్‌ ఫ్రీ’ అని రాయాలంటే 100 గ్రాములకు చక్కెర అరగ్రాము మించరాదని 2018 నాటి కేంద్ర నిబంధనలు చెబుతున్నాయి. పిండిపదార్థానికి, నూనెకు ఆ పరిమితి లేదు. చక్కెర లేని బిస్కెట్ల కిటుకూ ఇదే. ఇక బియ్యం సంచిపై ముద్రించే కేలరీలు వండని బియ్యానివి, అన్నానివి కావు.

బియ్యం మార్చాము కదా అని వైద్యుని అడగకుండా మాత్రలు తగ్గించుకోవడం మాత్రం ప్రమాదకరం.