బూడిద ఎవరిది, ఇటుక ఎవరిది?

రామతీర్థం గురుభక్తుల కొండ మీద బౌద్ధుల నాటి ఇటుక కట్టడాలు ఇంకా కనిపిస్తాయి. వెయ్యేళ్ళు దాటిన గోడలు. మట్టి ఇటుక గొప్పతనాన్ని నాను కాదనను. కానీ ఇప్పుడు బట్టీకి ఎల్తన్న మట్టి ఎక్కడిది? చాలా చోట్ల పొలం పైపొర. అప్పుల్లో ఉన్న రైతు పంటతో పాటు మట్టిని కూడా అమ్ముకుంటన్నాడు. అడుగు లోతు పైమట్టి పోతే ఆ నేల మళ్ళీ పాత పంట ఇవ్వడానికి ఏళ్ళు పడతాది. అందుకే బూడిద ఇటుక గురించి మనం మాట్లాడుకోవాల.

"వ్యర్థం నుంచి సంపద" అనే మాట ఈ మధ్య బాగా తిరుగుతంది. మంచి మాటే. మరి వ్యర్థం ఎవరి నెత్తిన పడతంది, సంపద ఎవరి జేబులోకి ఎల్తంది అని అడగాల కదేటి?

ముందు ఆ బ్లాకు ఏటో చూద్దాం. ఏఏసీ అంటారు. మూడింట రెండొంతుల దాకా థర్మల్ బూడిదే. అందులో సున్నం, సిమెంటు, జిప్సం, చిటికెడు అల్యూమినియం పొడి కలుపుతారు. ఆ పొడి సున్నంతో కలిసినాక హైడ్రోజన్ బుడగలు పుట్టి, ముద్దంతా ఇడ్లీ పిండి పొంగినట్టు పొంగుతాది. తీగలతో కోసి, పెద్ద ప్రెషర్ కుక్కర్ లాంటి దాన్లో 180 డిగ్రీల పైన ఆవిరి మీద గంటల తరబడి ఉడకబెడతారు. స్వీడన్‌లో ఎరిక్సన్ అనే ఆయన 1920ల్లో కనిపెట్టిన పద్ధతి ఇది. రెండడుగుల పొడుగు, ఎనిమిదంగుళాల ఎత్తు, ఎనిమిదంగుళాల మందం ఉన్న బ్లాకు పదిహేను కేజీలు తూగుతాది. అంత చోటు మట్టి ఇటుకలతో నింపితే ముప్పై అయిదు కేజీల దాకా వత్తాది. పునాది మీదా, పిల్లర్ల మీదా బరువు తగ్గుతాది. వేడి కూడా లోపలికి తొందరగా రాదు.

మరి బూడిద ఎక్కడిది? పరవాడ కాడ ఎన్టీపీసీ సింహాద్రి 2002 నుంచి కరెంటు తీస్తంది, ఇప్పుడు 2,000 మెగావాట్లు. పాలవలస కాడ హిందుజాది ఇంకో 1,040. మన దేశం బొగ్గు వంద కేజీలు కాలిస్తే ముప్పై నలబై కేజీలు బూడిదే మిగుల్తాది. 2021-22లో దేశమంతా కలిపి 27 కోట్ల టన్నులు. కరెంటు అందరికీ ఎల్తాది. గాలి లేస్తే బూడిద మాత్రం చెరువు పక్కనున్న ఊళ్ళోళ్ళ కంచాల్లో పడతాది.

సోంపేట బీల కోసం 2010 జులై 14న, కాకరాపల్లి తంపర కోసం 2011 ఫిబ్రవరి 28న మన సిక్కోలు జనం తుపాకీ గుళ్ళకి ఎదురు నిలబడి ప్రాణాలిచ్చారు. ఆళ్ళ భయాల్లో బూడిద కూడా ఒకటి. "బూడిదతో ఇటుకలు చేసీస్తాం, ఇంకేటి భయం" అని రేపు ఎవరైనా కొత్త ప్లాంటుకి దారి వేస్తే నమ్మొద్దు. ఇటుక ఉన్న బూడిదకి మందు. కొత్త బూడిదకి లైసెన్సు కాదు.

చట్టం ఇప్పటిది కాదు. బూడిదని ఇటుకల్లో వాడాలని కేంద్రం 1999 సెప్టెంబరులోనే చెప్పింది. 2021 డిసెంబరు 31 నాటి ఉత్తర్వు ఇంకా గట్టిది. పుట్టిన బూడిదంతా వాడాల, వాడకపోతే టన్నుకి వెయ్యి రూపాయలు కట్టాల. ప్లాంటుకి 300 కిలోమీటర్ల లోపు కట్టడాల్లో, ధర ఎక్కువ కాకపోతే బూడిద సరుకే వాడాల. రామతీర్థం, పార్వతీపురం, ఇచ్ఛాపురం అన్నీ ఆ గీత లోపలే ఉన్నాయి. అయితే ఒక కిటుకుంది. పల్లపు నేలల్లో బూడిద పోసి కప్పెట్టినా అది "వాడకం" లెక్కలోకే వత్తాది. గోడకి ఎల్లాల్సిన బూడిద గోతిలోకి ఎల్లినా కాగితం మీద మార్కులు ఒకటే.

ఇంకో సంగతి. ఆవిరి కుక్కరున్న ఫ్యాక్టరీ పెట్టాలంటే కోట్లు కావాల. ఆ బ్లాకులు ముందు విశాఖ అపార్టుమెంట్లకే ఎల్తాయి. కానీ బూడిద, సున్నం లేదా సిమెంటు కలిపి మెషీన్లో నొక్కి, నీళ్ళతో తడిపి ఆరబెట్టే మామూలు బూడిద ఇటుకకి అంత పెట్టుబడి అక్కర్నేదు. నురగ కలిపి పోసే తేలిక బ్లాకుకీ ఆవిరి కుక్కరు అక్కర్నేదు. పదిమంది కుర్రోళ్ళు కలిస్తే, బ్యాంకు అప్పిస్తే, మన మండలంలోనే పెట్టొచ్చు. 2014లో చెన్నై మౌలివాక్కంలో పదకొండంతస్తులు కూలి 61 మంది పోయినప్పుడు అందులో ఎంతోమంది సిక్కోలు, విజినారం కూలీలే. ఊళ్ళో పని ఉంటే అంత దూరం ఎందుకెల్తారు?

గుంకలాం కాలనీలో పన్నెండు వేలకి పైగా పట్టాలిచ్చారు. ఇంటికి లక్షా ఎనబై వేలు. అంత చిన్న డబ్బులో ఇటుక ధర చిన్న విషయం కాదు.

అలాగని వ్యర్థం అన్నదల్లా గోడలో పెట్టీకూడదు. గరివిడి, బొబ్బిలి పక్క ఫెర్రో ఎల్లాయిస్ చిట్టెంలో క్రోమియం, మాంగనీసు ఉండొచ్చు. ఎరువుల ఫ్యాక్టరీ జిప్సంలో కాస్త రేడియోధార్మికత ఉంటాది, దానికి అణుశక్తి నియంత్రణ మండలి హద్దు పెట్టింది. పరీక్ష కాగితం నేకుండా అమ్మితే అది పేదోడి ఇంట్లోకి ఫ్యాక్టరీ చెత్త తోలడమే. బూడిద ఎత్తే కూలీకి ముక్కుకి మాస్కూ, నీళ్ళు చల్లే ఏర్పాటూ ఉండాల. ఏఏసీ బ్లాకు తేమ పీలుస్తాది, ప్లాస్టరింగు సరిగ్గా చెయ్యాల. పిల్లర్లు నేకుండా స్లాబు బరువంతా దాని మీద పెట్టీకూడదు.

తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ, ఒక పని చెయ్యండి. మీ ఊళ్ళో ఈ ఏడాది కట్టిన బడి గోడకో, సచివాలయానికో ఏ ఇటుక వాడారు, పరీక్ష రిపోర్టు ఏది అని సమాచార హక్కు కింద అడగండి. ఊరి స్థాయిలో అర్జీకి ఫీజు కూడా నేదు. వచ్చిన జవాబుని గ్రామసభలో చదవండి. బూడిద మనకి ఉచితంగానే ఇచ్చారు, ఊపిరితిత్తుల్లోకి. ఇటుక విషయంలోనే లెక్కలు చెప్తన్నారు. ఆ లెక్క మనమూ అడుగుదాం.