ఒకే నింద, రెండు జవాబులు

మూడు వందల మందితో వెళ్లి మిద్యానీయుల మహాసైన్యాన్ని చెదరగొట్టిన గిద్యోనుకు యుద్ధభూమిలో ఎదురైంది పొగడ్తలు కాదు, నిష్ఠూరాలు. నిష్ఠూరమాడింది పరాయివాళ్లు కూడా కాదు, సొంత ఇశ్రాయేలీయులైన ఎఫ్రాయీమీయులు. యుద్ధానికి వెళ్తూ మమ్మల్నెందుకు పిలవలేదని వాళ్లు అతనితో తీవ్రంగా కలహించారు (న్యాయాధి. 8:1). గిద్యోను దగ్గర తిరుగులేని జవాబే ఉంది. ముప్పై రెండు వేల మందిని మూడు వందలకు తగ్గించింది సాక్షాత్తూ దేవుడే! ఆ ఒక్క మాట అంటే వాళ్ల నోళ్లు మూతపడేవి. కానీ అతను ఆ మాట ఎత్తలేదు. మీరు పట్టుకున్న ఓరేబు, జెయేబుల ముందు నేను చేసిందేపాటి, మా వంశం ద్రాక్షపంట అంతటికన్నా మీ తోటల్లో ఏరుకునే పరిగె మేలు కదా అన్నాడు. వాళ్ల కోపం అక్కడికక్కడే చల్లారింది.

చాలా ఏళ్ల తర్వాత అదే ఎఫ్రాయీమీయులు దాదాపు అదే నిందతో యెఫ్తా మీదికి వెళ్లారు. ఈసారి నీ ఇల్లు తగలబెడతామని బెదిరించారు కూడా. నేను పిలిచాను, మీరే రాలేదు అన్నాడు యెఫ్తా (న్యాయాధి. 12:2). ఆ మాట అతను వట్టినే అన్నాడని బైబిలు ఎక్కడా చెప్పదు. అయితే సత్యం చెప్పి ఊరుకోలేదు, సైన్యాన్ని పోగుచేశాడు. యొర్దాను రేవుల దగ్గర కాపలా పెట్టి, 'షిబ్బోలెతు' అనలేక 'సిబ్బోలెతు' అన్న ప్రతివాణ్నీ గిలాదువాళ్లు చంపేశారు. ఆ రోజుల్లో చనిపోయిన ఎఫ్రాయీమీయులు 42 వేల మంది. ఒక నిష్ఠూరానికి ఇచ్చిన జవాబు ఖరీదు అది.

యెఫ్తా అంత మండిపడడానికి కారణం మాకు కొంత అర్థమవుతుంది. అతను వేశ్య కొడుకు. తండ్రి ఆస్తిలో నీకు పాలు లేదని అన్నదమ్ములే ఇంట్లోంచి తరిమేశారు. అలాంటివాణ్ని ఎవరైనా వేలెత్తి చూపిస్తే పాత గాయం సలపకుండా ఉంటుందా? మనల్ని విమర్శించేవాళ్లు అనే మాట ఒకటైతే, మన చెవికి వినబడేది చాలాసార్లు ఇంకొకటి. పాట శ్రుతి తప్పిందని క్వయర్‌లో ఒక అమ్మాయితో అంటే, 'నువ్వు ఎందుకూ పనికిరావు' అని చిన్నప్పుడు ఇంట్లో విన్న మాట ఆమెకు మళ్లీ వినిపిస్తుంది. ఇక జవాబు ఇచ్చేది ఆ పాత మాటకే.

ఇంతవరకూ చెప్పి, గిద్యోనులా ఉండండి అని ముగిస్తే మంచి ప్రసంగమే అవుతుంది. మేము చాలా ఏళ్లు అలాగే ముగించాం. కానీ అదే అధ్యాయం కిందికి చదివితే ఇబ్బంది పెట్టే సంగతి ఒకటుంది. అలసిపోయిన తనవాళ్లకు రొట్టెలివ్వమని గిద్యోను సుక్కోతు పెద్దలను అడిగాడు. జెబహు, సల్మున్నా అప్పుడే నీ చేతికి చిక్కారా అని వాళ్లు ఎదురడిగారు. తిరిగొచ్చాక గిద్యోను ముళ్లకంపలతో ఆ పెద్దలకు బుద్ధి చెప్పాడు, పెనూయేలు గోపురం పడగొట్టి ఊరివాళ్లను చంపాడు. ఎఫ్రాయీము పెద్ద గోత్రం, వాళ్లకు తియ్యని మాట. సుక్కోతు చిన్న ఊరు, వాళ్లకు ముళ్లకంప! సంఘాల్లో మనం చేసేది ఇదే కదా? పెద్ద కానుక ఇచ్చే కమిటీ సభ్యుడు తప్పు చూపిస్తే 'మీ సలహా విలువైనదండీ' అంటాం. చాప మీద కూర్చునే విశ్వాసి అదే మాటంటే 'సణుగుడు ఆత్మ' అని పేరు పెడతాం.

ఇది వేరేవాళ్ల సంగతి కాదు. కొన్నేళ్ల క్రితం మేము కాపరిగా ఉన్న సంఘంలో ఒక విధవరాలు, 'అయ్యగారు కారున్న ఇళ్లకే ప్రార్థనకు వెళ్తారు, మా వీధి మలుపు దాకా వచ్చి తిరిగిపోతారు' అని ఎవరితోనో అన్నదట. ఆ మాట రెండు నోళ్లు మారి, ఇంకాస్త కారం కలిసి మాకు చేరింది. ఆ ఆదివారం అనుకున్న వాక్యభాగం పక్కన పెట్టి కోరహు తిరుగుబాటు మీద ప్రసంగించాం. సేవకుల మీద సణిగినవాళ్లను భూమి ఎలా మింగేసిందో గొంతు పెంచి మరీ చెప్పాం. స్త్రీల వైపు మూడో వరుసలో ఆమె తల మీద కొంగు ముందుకు లాక్కుని కూర్చుంది. సెమినరీలో ప్రసంగం ఎలా మొదలుపెట్టాలో, ఎలా ముగించాలో మాకు నేర్పారు. ఎవరూ ఎదురు చెప్పే వీలులేని పల్పిట్ మీద నిలబడి ఒక మనిషికి జవాబు చెప్పడం పిరికితనమని ఏ తరగతిలోనూ నేర్పలేదు. ఆరాధన అయ్యాక ఇద్దరు ముగ్గురు పెద్దలు మా చేయి పట్టుకుని 'బాగా బుద్ధి చెప్పారయ్యగారూ' అన్నారు. నిజం చెప్పాలంటే, ఆ మాట ఆ రోజు మాకు తియ్యగానే ఉంది.

దావీదు పక్కన కూడా అలాంటివాడు ఉన్నాడు, పేరు అబీషై. అబ్షాలోముకు భయపడి పారిపోతున్న దావీదు మీద షిమీ రాళ్లు రువ్వుతూ నరహంతకుడా అని తిడుతుంటే, సెలవిస్తే వెళ్లి వీడి తల తెస్తానన్నాడు అబీషై. దావీదు ఒప్పుకోలేదు. శపించమని దేవుడే అతనికి చెప్పి ఉండొచ్చు, తిట్టనివ్వండి అన్నాడు (2 సమూ. 16:11). షిమీ సౌలు కుటుంబం వాడు, వాళ్ల రక్తం దావీదు ఒడిగట్టాడన్నది అతని ఆరోపణ. సౌలును దావీదు చంపలేదు కాబట్టి ఆ ఆరోపణ తప్పు. కానీ 'నరహంతకుడు' అన్న మాట చెవిన పడ్డప్పుడు దావీదుకు ఊరియా గుర్తుకు రాకుండా ఉంటాడా? విమర్శలో చిరునామా తప్పు ఉండొచ్చు, లోపలి ఉత్తరం మనదే కావచ్చు. (ఇంత ఓర్చుకున్న దావీదు కూడా మరణశయ్య మీద షిమీ సంగతి చూసుకోమని సొలొమోనుకు చెప్పాడు. మనసులోంచి పోవడం అంత తేలిక కాదు.)

అలాగని ప్రతి నిందకూ తలవంచి ఊరుకోవాలని బైబిలు చెప్పడం లేదు. పిలాతు ముందు మౌనంగా ఉన్న యేసుప్రభువే, ప్రధాన యాజకుని దగ్గర బంట్రోతు చెంపదెబ్బ కొట్టినప్పుడు, నేను తప్పు మాట్లాడి ఉంటే ఆ తప్పేమిటో చూపించు, లేకపోతే ఎందుకు కొట్టావని నిలదీశాడు (యోహాను 18:23). ఆ ప్రశ్నలో కోపం కన్నా విచారణ ఎక్కువ. తప్పేమిటో చూపించు అనగలిగితే చాలా తగాదాలు అక్కడే సగం తెగుతాయి. మేము అనలేకపోయింది కూడా ఆ మాటే.

తర్వాత మూడు ఆదివారాలు ఆమె చర్చికి రాలేదు. నాలుగో వారం గృహదర్శనాల డైరీ తీసి లెక్కపెట్టాం. అంతకుముందు ఆరు నెలల్లో మెయిన్ రోడ్డు మీది మేడ ఇంటికి తొమ్మిదిసార్లు వెళ్లాం. ఆ వీధికి వెళ్లింది రెండుసార్లు, రెండూ సమాధి కార్యక్రమాలకే. ఆమె పొల్లుమాట ఒక్కటి కూడా అనలేదు. ఆ సాయంత్రం నడిచే వెళ్లాం, పొయ్యి దగ్గరున్న ఆమెకు తప్పు మాదేనని చెప్పాం. ఆమె కాసేపు ఏమీ అనలేదు. తర్వాత, 'మీరు కోరహు అన్నప్పుడు నేను నా పిల్లల వైపు చూశానయ్యా, భూమి వాళ్లను కూడా మింగింది కదా అని' అంది. కోరహు కుమారులు చావలేదని (సంఖ్యా. 26:11), వాళ్ల వంశం వారి కీర్తనలు బైబిల్లో ఉన్నాయని చెప్పాం. అది మా ప్రసంగంలో చెప్పకుండా వదిలేసిన భాగం.

ఆ సంఘంలో ఉన్నంతకాలం గురువారాలు ఆ వీధికి కేటాయించాం. ఆమె మాత్రం ఏమీ మారలేదు. బదిలీ అయ్యే ముందు ఆదివారం కూడా గుమ్మం దగ్గర ఆగి, 'ఇవాళ ప్రసంగం నలభై నిమిషాలు దాటిందయ్యగారూ' అంది. వాచీ చూసుకున్నాం. నలభై ఎనిమిది.